మాలతీ చందూర్ గారు చూపిన తోవలో నాలుగు నవలలు

పోయిన వారం ఒక సోదరి ఉత్తరం రాశారు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయారట. పొద్దున ఎనిమిదింటికల్లా వంట అయిపోతుంది, వారు డ్యూటీకి వెళ్లిపోతారు, ఇక సాయంత్రం దాకా ఇల్లంతా బోసిగా ఉంటుందట. "టీవీ చూసి చూసి విసుగొచ్చింది. ఫోను చూస్తే కళ్లు మంటలు. పెళ్లికి ముందు నవలలు తెగ చదివేదాన్ని. మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. ఏ పుస్తకాలు చదవమంటారు?" అని అడిగారు.

పులుసులో ఉప్పు ఎక్కువైతే ఏం చేయాలని అడిగి ఉంటే చప్పున చెప్పేసేదాన్ని. ఇది అట్లాంటి ప్రశ్న కాదే! నేను ఇంటర్మీడియట్‌తో ఆగిపోయినదాన్ని. ఫలానా పుస్తకం గొప్పది, ఫలానాది కాదు అని తీర్పు చెప్పడానికి నేనెంతదాన్ని? కానీ నాకు పుస్తకాల తోవ చూపించిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ గురించి చెబితే మీ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుందనిపించింది. ఆవిడే మాలతీ చందూర్ గారు.

మనలో చాలామందికి ఆవిడ పేరు వంటింట్లోనే తెలుసు. 'వంటలు - పిండివంటలు' పుస్తకం మా అమ్మ పెట్టెలో ఉండేది. అట్ట ఊడిపోతే దబ్బనంతో కుట్టింది. మైసూరుపాకు పేజీ మీద నెయ్యి మరక, ఆవకాయ పేజీ మీద పసుపు మరక. ఏ పేజీ ఎక్కువగా వాడారో మరకలే చెప్పేవి. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ 'ప్రమదావనం' 1950లలో మొదలుపెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. కుట్లు, వంటలు, పిల్లల జబ్బులు, అత్తాకోడళ్ల తగవులు, దేశవిదేశాల సంగతులు, ఎవరేం అడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పేవారు. నూజివీడులో పుట్టి, పెళ్లయ్యాక మద్రాసులో స్థిరపడిన గృహిణి ఆవిడ. భర్త ఎన్.ఆర్. చందూర్ గారు కూడా రచయితే, 'జగతి' పత్రిక నడిపారు. ఆవిడ రాసిన నవలలు బోలెడు. 'చంపకం - చెదపురుగులు', 'శతాబ్ది సూరీడు', 'శిశిర వసంతం' లాంటివి మన అమ్మల తరం వాళ్లు పోటీపడి చదివారు. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2013 ఆగస్టులో చెన్నైలోనే కన్నుమూశారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా మటుకు నాకు ఆవిడ చేసిన పెద్ద మేలు ఇంకొకటి ఉంది. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' అనే శీర్షిక రాసేవారు, గుర్తుందా? నెలకొక ఇంగ్లీషు నవల. ఇంగ్లీషువే కాదు, ఇంగ్లీషులోకి వచ్చిన ఇతర భాషల నవలలు కూడా. తనకు నచ్చిన పుస్తకాన్ని తీసుకుని, అందులో కథేమిటో, మనుషులెట్లాంటివాళ్లో, రాసిన మనిషి బతుకేమిటో కాసిని పేజీల్లో చక్కగా తెలుగులో చెప్పేవారు. అట్లా ఏళ్ల తరబడి వందల నవలలు చెప్పుకొచ్చారు. తర్వాత అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి.

ఒక్కసారి ఆలోచించండి. తను ఒక నవలాకారిణి. తన నవలలు కొనండి, చదవండి అని చెప్పుకోవచ్చు. ఆ పని మానేసి ఎవరో దేశంకాని దేశంవాళ్లు రాసిన పుస్తకాలను నెలనెలా మోసుకొచ్చి మన గుమ్మంలో పెట్టారు. మనింట్లో కూర బాగా కుదిరితే పక్కింటికి గిన్నెడు పంపడం మామూలే. పక్కింటి కూర బాగుందని పదిళ్లకు చెప్పడానికి ఇంకాస్త పెద్ద మనసు కావాలి.

మా అమ్మ చదువు అయిదో తరగతి. మాది నాయుడుపేట. స్వాతి వచ్చిందంటే మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో చాప వేసుకుని చదివేది. ఆ విదేశీ పేర్లు నోరు తిరక్క "ఏదో ఒక పేరులే, మన సుబ్బమ్మ అనుకుందాం" అనేది. నిజంగానే ఆ ఇంగ్లండు ఆవిడ, ఆ రష్యా ఆవిడ మా ఇంట్లో సుబ్బమ్మలు, రమణమ్మలు అయిపోయారు. పక్కింటి పిన్ని పప్పు రుబ్బుతా ఉంటే అమ్మ గట్టిగా చదివి వినిపించేది. కథ దుఃఖంగా ఉంటే పిన్ని రోలు ఆపేసేది. నేను హైస్కూలుకు వచ్చేసరికి ఆ చదివే పని నాకు అప్పజెప్పారు. నాకు నవలల పిచ్చి అంటుకుంది అక్కడే.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను, నవ్వుకోకండి.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయి సెలవులకు వచ్చింది. దాని చేతిలో ఒక లావుపాటి ఇంగ్లీషు నవల. పేరు చెప్పను, చెబితే నాలాగా సిగ్గుపడేవాళ్లు మీలో కూడా ఉంటారు. "ఓ, ఇదా! నేను నీ వయసుకు ముందే చదివేశాను" అన్నాను గొప్పగా. కథంతా గడగడా చెప్పేశాను. అది ఆశ్చర్యపోయింది. తర్వాత ఒక పాత్ర గురించి అడిగింది, ఆవిడ అట్లా ఎందుకు చేసిందంటావు అని. నాకు తెలియలేదు. ఇంకోటి అడిగింది. అదీ తెలియలేదు. "అమ్మా, నువ్వు కథ విన్నావు, పుస్తకం చదవలేదు" అంది.

నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు దానితో సరిగా మాట్లాడలేదు. మాకు దొరికింది అంతే, మీలాగా ఇంగ్లీషు మీడియం చదువులా మావి, అని లోపల గొణుక్కున్నాను. కానీ రాత్రి పడుకున్నాక నిజం ఒప్పుకోక తప్పింది కాదు. పాతికేళ్లుగా నేను చదివానని అనుకున్న పుస్తకాల్లో సగం నేను చదవనే లేదు! మాలతీ చందూర్ గారు చదివారు, నేను విన్నాను. ఆవిడ తలుపు తీసి "రండమ్మా, లోపల ఎంత బాగుందో చూడండి" అన్నారు. నేను గడపలోనే నిలబడి తొంగిచూసి వెనక్కి వచ్చేశాను. తప్పు ఆవిడది కాదు కదా!

మా సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరని మీకు తెలిసే ఉంటుంది. రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. అయినా బస్సులో పోతూ పోతూ దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోయేవాళ్లు ఎందరో. తలుపు తెరిచి ఉంటే చాలదు, కాలు మనమే లోపల పెట్టాలి.

ఆ నెలలోనే పనిమీద చెన్నై వెళ్లాల్సి వచ్చింది. మాకు లోకల్ రైలు ఉంది, పొద్దున ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ పాత పుస్తకాలకు పేరు. 1985లో పాత మార్కెట్ కాలిపోయాక ఆ అంగళ్లవాళ్లు దగ్గర్లోనే వేరే కట్టడంలోకి మారారు. అక్కడ బేరమాడి ఎనభై రూపాయలకు ఒక పుస్తకం కొన్నాను. పెర్ల్ బక్ రాసిన 'ది గుడ్ ఎర్త్'. చిన్న చిన్న మాటలతో రాస్తుంది, నీకైతే సులువు అని అమ్మాయి చెప్పి పంపింది.

పెర్ల్ బక్ అమెరికావాళ్ల బిడ్డ. తల్లిదండ్రులు మత ప్రచారకులు కావడంతో చిన్నప్పటి నుంచీ చైనాలో పెరిగింది. 1931లో ఈ నవల వచ్చింది, 1932లో పులిట్జర్ బహుమతి, 1938లో ఆవిడకు నోబెల్ బహుమతి వచ్చాయి. కథ ఒక చైనా రైతుది. పేరు వాంగ్ లుంగ్. అతని భార్య ఓలాన్. జమీందారు ఇంట్లో బానిసగా బతికిన పిల్ల. అందగత్తె కాదు, మాటకారి కాదు. పొలంలో మొగుడితో సమానంగా పాటుపడి, పురుడొచ్చిన రోజున కూడా పనిచేసిన మనిషి. కరువొస్తే ఊరు విడిచి పట్నం పోతారు. అక్కడ గొడవల్లో ఓలాన్‌కు కొన్ని రత్నాలు దొరుకుతాయి. వాటితో భూములు కొంటాడు వాంగ్ లుంగ్. ఓలాన్ రెండే రెండు చిన్న ముత్యాలు తన దగ్గర ఉంచుకుంటానని అడుగుతుంది. పెట్టుకోవడానికి కూడా కాదు, ఊరికే దాచుకోవడానికి. సరే అంటాడు. డబ్బు పెరిగాక అతని కన్ను ఇంకొక ఆడదాని మీద పడుతుంది. ఒక రోజు ఓలాన్ బట్టలు ఉతుకుతూ ఉంటే వచ్చి ఆ ముత్యాలు ఇమ్మంటాడు. ఆమె గుడ్డలో దాచిన ముత్యాలు తీసి ఇచ్చేస్తుంది. మళ్లీ బట్టలు ఉతుక్కుంటుంది.

నేను అక్కడ ఆగిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, లేచి కట్టలేదు.

నాకు మా అమ్మ కమ్మలు గుర్తొచ్చాయి. నాకు పదేళ్లప్పుడు మా నాన్న ధాన్యం వ్యాపారంలో దెబ్బతిన్నాడు. అమ్మకు పుట్టింటివాళ్లు పెట్టిన ఎర్రరాళ్ల కమ్మలు ఉండేవి. అవి కుదువకు పోయాయి, తిరిగి రాలేదు. అప్పటి నుంచీ అమ్మ చెవులకు చిన్న పోగులే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఎత్తలేదు. నాన్న పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ మధ్యాహ్నం అమ్మకు ఫోను చేశాను. ఓలాన్ కథ చెప్పాను. చెప్పి, "అప్పుడు నీకు బాధనిపించలేదా అమ్మా?" అని అడిగాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కమ్మలు పోతే పోయినాయిలే అమ్మణ్ణీ. బీరువాలో చొక్కా తీసుకున్నట్టు తీసుకోని పోయినాడు మీ నాయన. ఇస్తావా అని ఒక్క మాట అడిగుంటే నేనే తీసిచ్చుందును గదా" అంది.

ముప్పై ఏళ్లు ఆ మాట అమ్మ లోపలే ఉంది. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. మా నాన్న చెడ్డవాడు కాదు. అమ్మ జబ్బుపడితే దగ్గర కూర్చుని గంజి తాగించిన మనిషి. కానీ అడగాలని ఆయనకు తోచలేదు. ఎక్కడో చైనా కథ చదివితే గానీ మా అమ్మను అడగాలని నాకూ తోచలేదు. కథ వినడానికీ పుస్తకం చదవడానికీ తేడా ఏమిటో ఆ రోజు తెలిసింది. కథలో అయితే 'ముత్యాలు తీసుకున్నాడు' అన్నది ఒక్క వాక్యం. పుస్తకంలో ఆ ముత్యాల దగ్గరికి వచ్చేసరికి మనం ఓలాన్‌తో కలిసి ఎన్నో ఏళ్లు కాపురం చేసి ఉంటాం. అందుకే అంత నొప్పి.

ఆ పుస్తకం పూర్తి చేయడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. తర్వాత ఆగలేదు. సోదరి అడిగారు కాబట్టి, ఆ తోవలో నేను చదివినవాటిలో ఇంకో మూడు చెబుతాను.

ఒకటి, తమిళంలో జయకాంతన్ రాసిన నవల. మాలతీ చందూర్ గారే 'కొన్ని సమయాలలో కొందరు మనుషులు' అని తెలుగు చేశారు. మూలానికి 1972లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తర్వాత లక్ష్మి కథానాయికగా సినిమా కూడా తీశారు. వానలో బస్సు కోసం నిలబడిన కాలేజీ పిల్లను ఒకడు కారెక్కించుకుని పాడుచేస్తాడు. జయకాంతన్ మొదట ఇదే విషయం మీద ఒక చిన్న కథ రాశారు. అందులో తల్లి బిడ్డ నెత్తిన నీళ్లు పోసి, నీకేం అంటలేదు, నువ్వు శుభ్రంగా ఉన్నావు, ఎవరికీ చెప్పొద్దు అని కడుపులో పెట్టుకుంటుంది. ఆ కథ మీద పెద్ద గొడవ జరిగింది. నవలలో మరి ఆ తల్లి అట్లా చేయలేకపోతుంది. గోలపెడుతుంది, నలుగురికీ తెలిసిపోతుంది, అన్న ఇంట్లోంచి వెళ్లగొడతాడు. ఆ పిల్ల జీవితం ఎటు పోయిందన్నదే నవల. తల్లి ఒక్క నిమిషంలో చేసే పని బిడ్డ బతుకంతా ఎట్లా మార్చేస్తుందో చూడండి. ఎదిగిన ఆడపిల్లలున్న ప్రతి తల్లీ చదవాలని నేనంటాను.

రెండు, బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి నవలలు. 'ప్రథమ ప్రతిశ్రుతి' 1964లో వచ్చింది. ఆ తర్వాత 'సువర్ణలత', 'బకుల్ కథ'. తల్లి, కూతురు, మనవరాలు, మూడు తరాల కథ. ఆవిడ బడికి వెళ్లి చదువుకోలేదు. పెద్ద సంసారం, ఇంటెడు చాకిరీ. అది అయ్యాకే రాసుకునేది. 1976లో జ్ఞానపీఠం వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. సువర్ణలత పెద్ద కోరికలేం కోరదు. కొత్తగా కట్టే ఇంటికి బయటికి చూసుకునేందుకు ఒక వరండా ఉండాలంటుంది. అంతే! ఆ వరండా కోసం ఆమె పడే తపన చదివాక నేను మా ఇంటి ముందరి నాలుగడుగుల అరుగును వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను.

మూడు, కొంచెం భయం, కొంచెం సస్పెన్సు కావాలనుకునేవారికి డాఫ్నే డ్యూ మారియే రాసిన 'రెబెకా'. 1938 నాటిది. పెద్దింటికి రెండో భార్యగా వచ్చిన ఒక బిడియస్తురాలి కథ. చనిపోయిన మొదటి భార్య పేరు రెబెకా. ఇల్లంతా ఆమె వస్తువులు, ఆమె అలవాట్లు, ఆమెను దేవతలా కొలిచే ఒక పనిపెత్తనం ఆవిడ. కథ చెప్పే కొత్త పెళ్లికూతురికి మాత్రం నవల మొత్తంలో పేరే ఉండదు! అత్తగారింట్లో మొదటి ఏడాది మనకూ పేరు ఉండేదా చెప్పండి. 'పెద్దకోడలు', 'చిన్నకోడలు' అంతే కదా!

సరే, పుస్తకాల పేర్లు చెప్పాను. చదివే పద్ధతి కూడా నాలుగు ముక్కలు చెబుతాను. ఇవన్నీ నేను తంటాలు పడి నేర్చుకున్నవి.

పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి పుస్తకంలో పెట్టుకోండి. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా పేరు, వరస రాసుకోండి. విదేశీ పేర్లు తికమక పెట్టవు, పేజీ గుర్తుకు కూడా అదే పనికొస్తుంది.

రోజుకు పది పేజీలు చాలు. అన్నం తిన్నాక నిద్ర వచ్చేలోపు చదవండి. పొయ్యి దగ్గర వద్దు. నా పాలగిన్నె ఎన్నిసార్లు మాడిందో నాకే తెలుసు.

ఇంగ్లీషు పుస్తకమైతే ప్రతి మాటకూ నిఘంటువు తిప్పకండి, విసుగొచ్చి వదిలేస్తారు. ఒక మాట మూడోసారి కనబడితే అప్పుడు వెతకండి. ఇంగ్లీషు వద్దనుకుంటే మానేయండి, నామోషీ ఏం లేదు. శరత్ నవలలు చక్రపాణి గారి తెలుగులో చదివి అవి తెలుగు నవలలే అనుకున్నవాళ్లు మన పెద్దవాళ్లలో ఎంతమంది లేరు!

అన్నీ కొనాలని లేదు. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే సభ్యురాలిగా చేరండి. మగవాళ్లు పేపరు చదువుకునే చోటని వెనకాడకండి. మా వీధిలో అయిదుగురం కలిసి తలా ఒక పుస్తకం కొని మార్చుకుంటున్నాం. ఒకే ఒక షరతు, తిరిగి ఇచ్చేటప్పుడు ఎక్కడ ఏడుపొచ్చిందో చెప్పాలి.

పుస్తకాల అరలో ఎండిన వేపాకు వేయండి. వానాకాలం పోయాక ఒక పూట ఎండకు పెట్టి, దులిపి, చల్లారాక సర్దండి. పురుగు పట్టదు. పేజీ మూలలు మడవకండి.

ఇక చివరి మాట. ఎవరైనా ఒక నవల కథ చెబితే విని సంతోషించండి, కానీ అక్కడితో ఆగకండి. మాలతీ చందూర్ గారు నెలకొక పుస్తకం చొప్పున అన్నేళ్లు చెప్పింది, కథ తెలుసుకుని ఊరుకోమని కాదని నా నమ్మకం. నేను ఇప్పుడు చెప్పిన నాలుగూ అంతే. నేను చెప్పింది వాసన మాత్రమే, కూర మీరే వండుకోవాలి.

అన్నట్టు, పోయిన సంక్రాంతికి మా అమ్మకు ఎర్రరాళ్ల కమ్మలు చేయించాను. ముందు ఫోను చేసి అడిగాను, "చేయించనా అమ్మా, పెట్టుకుంటావా?" అని. "ఈ వయసులో ఎందుకే" అంది. రెండో రోజు తనే ఫోను చేసి, రాళ్లు మరీ పెద్దవి వద్దు అని చెప్పింది.

ఉత్తరం రాసిన సోదరీ, మొదటి పుస్తకం ఏది పట్టుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో మళ్లీ రాయండి. మిగతావాళ్లు కూడా మీకు నచ్చిన ఒక్క నవల పేరు, ఎందుకు నచ్చిందో నాలుగు మాటల్లో రాసి పంపండి. అందరం పంచుకుందాం. వచ్చే వారం వానాకాలం వడియాలు బూజు పట్టకుండా దాచుకోవడం గురించి. ఉంటాను మరి.